స్టీరింగ్ తిప్పితే కిర్రుమంటోంది, రాక్ మార్చాలంటున్నారు. నిజమేనా?

గోదారి_గట్టు
బండి 2015 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 91 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల నుంచి స్టీరింగ్ తిప్పితే చాలు, ముందు చక్రాల దగ్గర కిర్ర్‌ర్‌మని పాత తలుపు తీసినట్టు శబ్దం. మా సెల్లార్ పార్కింగ్‌లో, యూ టర్న్ దగ్గర, సందు మలుపుల్లో ఎక్కువ. హైవే మీద ఏమీ ఉండదు. స్టీరింగ్ బరువెక్కలేదు, బండి పక్కకి లాగడం లేదు.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే (పేరు వద్దులెండి) పావుగంట అటూ ఇటూ తిప్పి "స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పుడుని ముందు చక్రాలకి అందించే పళ్ళ కడ్డీ) పోయింది సార్, అంతా కలిపి 26 వేలు" అన్నారు. ఏదీ విప్పలేదు, కనీసం జాకీ కూడా పెట్టలేదు.

ఒక వింత ఏమిటంటే, బండి కడిగించిన రోజు, వాన పడిన రోజు శబ్దం రాదు. రెండు రోజులు ఎండ కాస్తే మళ్ళీ మొదలు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇప్పుడు హారన్ కోసం చూడడం లేదు, కిర్రు వినగానే గేటు తీసేస్తున్నాడు. రాజమండ్రిలో ఉంటాను. రాక్ మార్చెయ్యమంటారా?

కర్నూలు_క్లచ్
జాకీ పెట్టకుండా 26 వేలా! ముందు ఆ బండి తాళం మీ జేబులో వేసుకోండి.

సెకండ్‌హ్యాండ్_శీను
పవర్ స్టీరింగ్ బెల్ట్. కళ్ళు మూసుకుని చెప్తా. మా పాత జీపుకి పొద్దున్నే ఫుల్ లాక్ తిప్పితే వీధి కుక్కలన్నీ లేచేవి. బెల్ట్ కొత్తది వేసి బిగిస్తే పోయింది.

ఆటోనగర్_అన్న
శీనూ, కళ్ళు తెరువు. నీ జీపుది హైడ్రాలిక్ స్టీరింగ్. పంపుని ఇంజన్ బెల్ట్ తిప్పుతుంది, ఫుల్ లాక్‌లో పంపు మీద లోడ్ పెరుగుతుంది, బెల్ట్ వదులుగా ఉంటే జారి అరుస్తుంది. ఈయన బండికి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ అయ్యుండాలి. అందులో ఆయిల్ ఉండదు, పంపు ఉండదు, దానికి బెల్టూ ఉండదు. గోదారి_గట్టు గారూ, బానెట్ తీసి స్టీరింగ్ ఆయిల్ డబ్బా ఉందేమో ఒకసారి చూసి చెప్పండి.

గోదారి_గట్టు
లేదన్నా. ఎలక్ట్రిక్‌దే.

సెకండ్‌హ్యాండ్_శీను
సరే, కళ్ళు తెరిచా 😅

కాకినాడ_ఉప్పుగాలి
స్ట్రట్ బేరింగ్. షాక్ అబ్జార్బర్ పైన, బానెట్ తీస్తే గుండ్రంగా కనపడే మౌంట్ కింద ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ దాని మీదే తిరగాలి. బేరింగ్ పట్టేస్తే స్ప్రింగ్ తిరగకుండా మెలిపడి, ఒక్కసారిగా వదులుతుంది. మా బండికి అచ్చం ఇలాగే కిర్రుమని, చివర్లో "టంగ్" అనేది. సముద్రపు గాలికి రెండు వైపులా తుప్పు పట్టిపోయాయి. రెండూ మార్పించాక మళ్ళీ ఈ రోజు వరకు నోరెత్తలేదు. పందెం కాస్తా, కిలో తాపేశ్వరం కాజా.

వరంగల్_వాణి
పందేలు తర్వాత. ముందు ఆ శబ్దం లోపలినుంచా, బయటినుంచా అన్నది తేల్చుకోండి. నేను ఆరు నెలలు బాల్ జాయింట్లు, బుష్‌లు అంటూ తిరిగాను. ఒక మెకానిక్ అయితే "మేడం, మీరు స్టీరింగ్ గట్టిగా తిప్పుతున్నారు" అన్నాడు. చివరికి చూస్తే డ్రైవర్ కాళ్ళ దగ్గర, స్టీరింగ్ రాడ్ ఇంజన్ గదిలోకి వెళ్ళేచోట ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. అది ఎండిపోయి రాడ్‌కి రాసుకుంటోంది. సిలికాన్ గ్రీజు వేలితో చుట్టూ రాశాడు ఇంకొకాయన, అంతే. రెండు నిమిషాలు. మీరు లోపల కూర్చుంటే అన్ని శబ్దాలూ డాష్‌బోర్డ్ కిందనుంచే వస్తున్నట్టు ఉంటాయి, ఇంకెవరినైనా తిప్పమని మీరు బయట నిలబడండి.

కర్నూలు_క్లచ్
వాణి గారు చెప్పింది పాయింటే. ఇంకోటి. టకటక అంటోందా, కిర్రు అంటోందా? ఫుల్‌గా తిప్పి గేరులో కదిలేటప్పుడు టకటకమంటే యాక్సిల్ జాయింట్. అదైతే చక్రం లోపలివైపు నల్ల గ్రీజు చిమ్మి ఉంటుంది, బూట్ (జాయింట్ మీది రబ్బరు తొడుగు) చిరిగి. నాది అదే, గ్రీజు చూసి ఎవరో పేడలో బండి నడిపారనుకున్నా.

గోదారి_గట్టు
టకటక కాదు. పక్కాగా కిర్రు. బండి ఆగి ఉన్నప్పుడు ఉత్తినే తిప్పినా వస్తోంది. స్పీడ్ బ్రేకర్ మెల్లగా దిగేటప్పుడు కూడా ఒక్కోసారి చిన్నగా వినపడుతుంది.

ఇంకో_కిలోమీటర్
సెల్లార్ అన్నారు కదా, నేల నున్నగా ఉంటే టైర్లు కీచుమంటాయి. హైదరాబాద్ మాల్ బేస్‌మెంట్లలో ప్రతి బండీ రేసు కారే. మట్టి రోడ్డు మీద చూశారా?

గోదారి_గట్టు
చూశాను బ్రో, గోదావరి గట్టు పక్కన మట్టిలో కూడా వస్తోంది.

డబ్బా_డాక్టర్
డబ్ల్యూడీ-40 కొట్టెయ్యండి. కిందనుంచి అన్నిటి మీదా ఒక రౌండ్. వంద రోగాలకి ఒకే మందు.

ఆటోనగర్_అన్న
అలా అందరూ చెప్పబట్టే నాకు పని దొరుకుతోంది. దాని పేరే "వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్", 1953లో 40వ ప్రయత్నంలో కుదిరిందని ఆ 40. తేమని తరమడానికి, బిగుసుకున్న బోల్టుకి మంచిదే. కానీ గ్రీజు చేసే పని అది చెయ్యదు. నాలుగు రోజులు నోరు మూయిస్తుంది, ఈలోగా ఏది అరుస్తోందో తెలియకుండా పోతుంది. రబ్బరు మీద కొట్టాల్సి వస్తే సిలికాన్ స్ప్రే కొట్టండి. పొరపాటున బ్రేక్ డిస్క్ మీద మాత్రం ఏదీ పడనివ్వకండి.

గోదారి_గట్టు గారూ, మీరు రాసినదాంట్లో బంగారం లాంటి ముక్క ఒకటుంది, ఎవరూ పట్టించుకోలేదు. నీళ్ళు తగిలితే శబ్దం ఆగిపోతోంది. అంటే అరిచే చోటికి నీళ్ళు వెళ్తున్నాయి. రాక్‌కి రెండు వైపులా బూట్లు ఉంటాయి, వాన నీళ్ళు వెళ్ళి దాన్ని ఊరుకోబెట్టవు. స్ట్రట్ బేరింగ్ పైన ఎక్కడో ఉంటుంది, అక్కడికి చక్రం నీళ్ళు అంతగా చేరవు. కింద ఉన్నవి చూడాలి: లోయర్ ఆర్మ్ బుష్‌లు, దాని చివర బాల్ జాయింట్, స్టెబిలైజర్ బార్ (మలుపులో బండి ఒరగకుండా పట్టే కడ్డీ) బుష్‌లు, దాని లింక్ రాడ్. నా ఓటు బాల్ జాయింట్‌కి. దాని రబ్బరు టోపీ చిరిగితే గ్రీజు కారిపోతుంది, నీళ్ళు దిగుతాయి. తడిగా ఉన్నంతసేపు ఊరుకుంటుంది. ఆరాక తుప్పు పట్టి ఇంకా గట్టిగా అరుస్తుంది.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెప్తా. చదునైన నేల మీద పెట్టండి. హ్యాండ్ బ్రేక్ లాగండి, న్యూట్రల్, వెనక చక్రాలకి ఇటుకలు. బండి నేల మీదే ఉండాలి, జాకీ వద్దు. ఇంజన్ ఆన్ చేసి ఇంట్లో వాళ్ళని మెల్లగా ఇటు చివరినుంచి అటు చివరికి తిప్పమనండి. మీరు ముందు చక్రం పైనుంచి చెయ్యి పెట్టి స్ప్రింగ్ మీద రెండు వేళ్ళు తేలిగ్గా ఆనించండి. సందులో వేళ్ళు దూర్చొద్దు. స్ప్రింగ్ మెత్తగా తిరిగితే కాకినాడ తమ్ముడి కాజా పోయినట్టే. పట్టి పట్టి ఎగిరితే బేరింగే. తర్వాత అలాగే చక్రం వెనక నుంచి బాల్ జాయింట్ మీద వేలు ఆనించి మళ్ళీ తిప్పించండి. అరిచే జాయింట్ వేలికి గరగరమని తెలుస్తుంది. చెవికన్నా వేలు నమ్మకం.

కాకినాడ_ఉప్పుగాలి
అన్నా, మౌంట్ మీద రబ్బరు మూత లేకపోతే పైనుంచీ నీళ్ళు దిగుతాయి. నా పందెం అలాగే ఉంది.

న్యూజెర్సీ_మంచు
ఇక్కడ చలికాలంలో రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. కింద ఉన్నవన్నీ తినేస్తుంది. నా కారుకి పొద్దున మైనస్‌లో ఉన్నప్పుడు స్టెబిలైజర్ బుష్‌లు బాతుల్లా అరుస్తాయి, రెండు మైళ్ళు వెళ్ళాక ఆగిపోతాయి. చలికి రబ్బరు గట్టిపడటమే. రాజమండ్రి ఎండలో ఆ బాధ లేదు కాబట్టి నేనూ బాల్ జాయింట్ వైపే.

గుంటూరు_ఘాటు
మాకు మలుపులో కీఈఈ అని ఇనుము గీకినట్టు వచ్చేది. ఇంట్లో అందరం బండి ఎక్కడం మానేశాం. చక్రం విప్పితే డిస్క్‌కీ వెనక రేకుకీ మధ్య శనగగింజంత రాయి. ఫ్లాట్ స్క్రూడ్రైవర్‌తో తీసి పడేశాడు. టీకి యాభై ఇచ్చా. నేను చెప్పేదేమిటంటే అదీ చూడండి.

ఆటోనగర్_అన్న
అది చక్రం తిరిగితేనే వస్తుంది. ఈయనకి నిలబడి ఉన్నా వస్తోంది. అందుకే డిస్క్, బ్రేక్ ప్యాడ్, వీల్ బేరింగ్ ఈ లెక్కలోంచి అవతలకి. వీల్ బేరింగ్ అయితే కిర్రు ఉండదు, హోరు ఉంటుంది. ఎడమకి మలుపు తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది, అప్పుడు హోరు పెరిగితే కుడి బేరింగ్ అనుమానించాలి.

కొత్త_లైసెన్స్
ఇది సేవ్ చేసుకుంటున్నా. లోయర్ ఆర్మ్ అంటే ఏది?

వరంగల్_వాణి
చక్రాన్ని బండి ఛాసిస్‌కి కింద పట్టి ఉంచే ఇనుప చెయ్యి. మోచేతి దగ్గర రబ్బరు బుష్‌లు, మణికట్టు దగ్గర బాల్ జాయింట్ అనుకోండి. మణికట్టు ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది.

కొత్త_లైసెన్స్
నిద్ర పోయింది. థాంక్స్.

గోదారి_గట్టు
ఆదివారం పొద్దున చేశాం. మా నాన్నగారు స్టీరింగ్ దగ్గర, నేను ఫోన్ టార్చ్ పట్టుకుని చక్రం దగ్గర గొంతుకూర్చున్నా. ఆయన ఆర్టీసీలో ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యారు, తిప్పమంటే పవర్ స్టీరింగ్‌ని కూడా రెండు చేతులతో భుజం వేసి తిప్పుతున్నారు.

ఎడమ స్ప్రింగ్: మెత్తగా తిరిగింది. కుడి స్ప్రింగ్: అదీ మెత్తగానే. ఎక్కడా పట్టలేదు, ఎగరలేదు.

తర్వాత కుడి చక్రం వెనక బాల్ జాయింట్ మీద వేలు పెట్టా. నాన్నగారు తిప్పగానే వేలి కొసకి సన్నగా గరగర తగిలింది, అదే క్షణంలో కిర్రు. ఎడమ వైపు ఏమీ లేదు. టార్చ్ వేసి చూస్తే రబ్బరు టోపీ వెనకవైపు నోరు తెరిచి ఉంది, లోపల గ్రీజు బదులు ఎర్రటి బురద. సీసాతో నీళ్ళు సన్నగా అక్కడ మాత్రమే పోశా. నాన్నగారు మళ్ళీ తిప్పారు. చప్పుడు లేదు.

ఇందులో సిగ్గుపడే విషయం ఒకటుంది. రెండు నెలల కిందటే ఆయన అన్నారు, "ఒరేయ్, ముందు చక్రం పక్కకి తిరిగే ఆ కింగ్ పిన్‌కి గ్రీజు పట్టకపోతే మా బస్సు ఇలాగే ఏడ్చేది" అని. కారుకి కింగ్ పిన్ ఉండదు నాన్నా అని నేనే కొట్టిపారేశా.

ఆటోనగర్_అన్న
పెద్దాయనకి దండం పెట్టానని చెప్పండి. పేరు మారింది, జబ్బు అదే. బస్సు కింగ్ పిన్‌కి గ్రీజు నిపుల్ ఉంటుంది, గన్ పెట్టి కొడితే సరిపోతుంది. పాత అంబాసిడర్లకీ ముందువైపు అలా గ్రీజు కొట్టే చోట్లు ఉండేవి. ఇప్పటి కార్ల బాల్ జాయింట్లు చాలావరకు సీలు చేసి వస్తాయి, నిపుల్ ఉండదు. టోపీ చిరిగిందంటే దాని ఆయుష్షు మొదలైనట్టు కాదు, అయిపోవస్తున్నట్టు.

కాకినాడ_ఉప్పుగాలి
ఓడిపోయా. కాజా ఎటు పంపాలి? రాజమండ్రి వాడికి తాపేశ్వరం కాజా పంపడం అంటే గోదారికి నీళ్ళు పంపడమే.

గోదారి_గట్టు
నాన్నగారికి షుగర్. వాచ్‌మన్‌కి ఇస్తా.

డబ్బా_డాక్టర్
సిరంజితో గ్రీజు ఎక్కించొచ్చు కదా? మా బండికి లావు సూదితో ఎక్కించి ఏడాది నడిపా. ఖర్చు 40 రూపాయలు.

కర్నూలు_క్లచ్
టోపీ బాగుండి, జాయింట్ పొడిబారితే అది కొన్నాళ్ళు నడుస్తుందేమో. కానీ సూది పొడిచిన కన్నంలోంచే నీళ్ళు పోతాయి. ఈయన టోపీ ఇప్పటికే నోరు తెరిచింది. అందులో ఎక్కించేది గ్రీజు కాదు, ధైర్యం.

డబ్బా_డాక్టర్
ఏడాది నడిపానని చెప్తున్నా కదా!

ఆటోనగర్_అన్న
నువ్వు నడిపావు, సంతోషం. నా దగ్గరకి టోయింగ్ మీద వచ్చిన బండి ఓనర్ కూడా "ఆరు నెలలు బానే నడిచిందన్నా" అన్నాడు. జాయింట్ సాకెట్‌లోంచి ఊడొచ్చి చక్రం ఫెండర్‌కి ఆనుకుంది. అదృష్టం, పెట్రోల్ బంకులోకి తిరుగుతుంటే ఊడింది, స్పీడు లేదు. రాసుకుని తిరిగిన ఇనుము అరుగుతుంది, అరిగిందాన్ని గ్రీజు తిరిగి పెంచదు.

గోదారి_గట్టు గారూ, మెకానిక్ దగ్గర ఇది చేయించండి. చక్రం గాల్లోకి లేపి, గడియారంలో 12, 6 ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని ఊపాలి. ఆట (వదులు) ఉంటే బాల్ జాయింట్ లేదా వీల్ బేరింగ్. 9, 3 దగ్గరే ఆట ఉంటే టై రాడ్ ఎండ్, అంటే రాక్‌ని చక్రానికి కలిపే కడ్డీ చివరి జాయింట్. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందకి దూరొద్దు, స్టాండ్ ఉండాలి. మార్చేదాకా హైవే ఎక్కకండి.

గోదారి_గట్టు
విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్దామనుకున్నా, మానేశా. ఇక్కడే ఒకాయన దగ్గరికి మెల్లగా 20 స్పీడులో తీసుకెళ్ళా. 12, 6 దగ్గర పట్టి ఊపితే నాకే తెలిసింది, టిక్ టిక్ అని ఆట. మా మోడల్‌కి బాల్ జాయింట్ విడిగా రాదట, లోయర్ ఆర్మ్ మొత్తం మార్చాలట. కంపెనీ పార్టు 2,450, కూలి 700. లోకల్ పార్టు 1,100కే ఉంది. ఏది?

సెకండ్‌హ్యాండ్_శీను
ఈసారి కళ్ళు తెరిచే చెప్తున్నా: కంపెనీది. లేదా మంచి పేరున్న బ్రాండ్‌ది. 1,100ది వేయించి ఎనిమిది నెలలకి మళ్ళీ కూలి ఇచ్చినవాణ్ణి.

ఇంకో_కిలోమీటర్
రెండు వైపులా మార్చెయ్యండి. ఒకటి పోయిందంటే రెండోది క్యూలో ఉంటుంది.

వరంగల్_వాణి
ఎందుకు? ఎడమవైపు టోపీ బాగుంది, ఆట లేదు, శబ్దం లేదు. ఇప్పుడే కదా 26 వేల గొయ్యి తప్పించుకున్నారు, మళ్ళీ అనవసరంగా ఎందుకు మార్చడం?

ఇంకో_కిలోమీటర్
91 వేలు తిరిగిన బండి మేడం. కూలి రెండుసార్లు ఇవ్వాలి, అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాలి.

ఆటోనగర్_అన్న
షాక్‌లు, స్ప్రింగ్‌లు అయితే జతగా మార్చాలి, లోయర్ ఆర్మ్‌కి ఆ నియమం లేదు. ఎడమది చూసి, ఊపి, బుష్ పగుళ్ళు లేకపోతే వదిలెయ్యండి. ఒక్క మాట మాత్రం మెకానిక్‌కి చెప్పండి: ఆర్మ్ బుష్ బోల్టులు చక్రం గాల్లో ఉన్నప్పుడు చివరి బిగింపు బిగించొద్దు. బండి బరువు చక్రం మీద దించాకే ఫైనల్‌గా బిగించాలి. గాల్లో బిగిస్తే బుష్ మెలిపడి ఉండిపోతుంది. త్వరగా చిరుగుతుంది, ఈసారి అది కిర్రుమంటుంది. తొందరలో చాలామంది వదిలేసే పని ఇదే.

గోదారి_గట్టు
అయిపోయింది. కంపెనీ పార్టు, కుడివైపు ఒక్కటే. బరువు మీద బిగించమంటే "ఎవరు చెప్పారు సార్ మీకు?" అని నవ్వాడు, కానీ అలాగే బిగించాడు. అలైన్‌మెంట్ 400. మొత్తం 3,550.

పాత ఆర్మ్ ఇంటికి తెచ్చా. జాయింట్ మేకుని బొటనవేలితో తోస్తే అటూ ఇటూ ఊగిపోతోంది, కొత్తది మాత్రం రెండు చేతులతో తిప్పినా బిగువుగా తిరిగింది. నాన్నగారు దాన్ని వరండాలో కుర్చీ పక్కన పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు. కింగ్ పిన్ కథ ఇప్పటికి నాలుగుసార్లు విన్నా.

స్టీరింగ్ తిప్పితే బయట ఎక్కడా శబ్దం లేదు. సెల్లార్‌లో మలుపు తిరిగేటప్పుడు మాత్రం సన్నగా కీచుమంటోంది, ఇంకేమైనా మిగిలిందంటారా?

ఇంకో_కిలోమీటర్
అది టైరు బాబూ. నున్నటి నేల. మొదటి రోజే చెప్పా.

గోదారి_గట్టు
నేల మీద కాసిన్ని నీళ్ళు చల్లి చూశా. నిజమే, టైరే. కానీ కిర్రు పోయాక వాచ్‌మన్ గేటు తీయడం లేదు. నిన్న రాత్రి మూడుసార్లు హారన్ కొట్టాల్సి వచ్చింది.

కాకినాడ_ఉప్పుగాలి
కాజా త్వరగా పంపుతా.